హైదరాబాద్ – దుబాయ్: దూరం ఎంత, విమానంలో ఉండే సమయం నిజానికి ఎంత?

జగిత్యాల వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అన్నయ్య దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే జనవరిలో అమ్మను విజిట్ వీసా మీద తన దగ్గరకు పిలిపించుకుంటున్నాడు. అమ్మ విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. ఆమెకు షుగర్, మోకాళ్ల నొప్పులు రెండూ ఉన్నాయి కాబట్టి, ఎంతసేపు కదలకుండా కూర్చోవలసి వస్తుందో, భోజనం, మాత్రలు ఏ వేళకు పడతాయో ముందే లెక్క చూసుకుందామని కూర్చున్నాను. చూసినకొద్దీ అనుమానాలు పెరిగాయే తప్ప తగ్గలేదు.

టిక్కెట్టు ప్రకారం వెళ్లేటప్పుడు విమానం హైదరాబాద్‌లో ఉదయం 10:00కు బయలుదేరి మధ్యాహ్నం 12:30కు దుబాయ్ చేరుతుంది. వచ్చేటప్పుడు అక్కడ రాత్రి 9:45కు బయలుదేరి ఇక్కడికి తెల్లవారుజామున 2:45కు చేరుతుంది. అంటే పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి అయిదు గంటలు. ఒకే దారికి ఇంత తేడా ఎందుకుంటుంది? దూరం చూద్దామంటే ఒక వెబ్‌సైటులో 2,547 అని, మరొక దానిలో 1,583 అని, ఇంకొక దానిలో 1,375 అని ఉంది. మా మేనమామను అడిగితే, భూమి పడమర నుండి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి పడమరకు పోయే విమానానికి దుబాయ్ తనంతట తానే ఎదురొస్తుందని, అందుకే పోయేటప్పుడు సగం సమయం చాలునని చెప్పాడు. వినడానికి సబబుగానే ఉంది కానీ మనసుకు ఎక్కడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

దేరా నివాసి

మీ అమ్మగారు వెళ్లేటప్పుడు విమానంలో కూర్చునేది రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. వచ్చేటప్పుడు కూర్చునేది అయిదు కాదు, మూడున్నర. టిక్కెట్టు మీద ఏ ఊరి సమయాన్ని ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. దుబాయ్ గడియారం మన గడియారం కంటే గంటన్నర వెనుక నడుస్తుంది. ఉదయం 10:00కు బయలుదేరిన విమానం అక్కడ దిగేసరికి మన దగ్గర మధ్యాహ్నం 2:00 అవుతుంది. రాత్రి 9:45కు దుబాయ్‌లో బయలుదేరేటప్పుడు మన దగ్గర 11:15 అయి ఉంటుంది.

కాబట్టి మీకు కనిపించినదానికి అసలు సంగతి పూర్తిగా తలకిందులు: పోవడానికే ఎక్కువసేపు పడుతుంది, రావడానికే తక్కువ. టిక్కెట్టు తెరిచినప్పుడు ఈ రెండు సమయాలను తీసివేసి చూడకుండా, పక్కనే చిన్న అక్షరాలతో రాసి ఉండే ప్రయాణ వ్యవధిని చూడండి. గడియారాల తేడాను సర్దిన తరువాతే అక్కడ ఆ సంఖ్యను వేస్తారు. ఆ అరగంట తేడా ఎందుకు వస్తుందన్నది నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

భూగోళం మాస్టారు

మొదట దూరం సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో నిజానికి గొడవేమీ లేదు. మీరు చూసిన మూడు సంఖ్యలూ ఒకే దూరానివి. 2,547 కిలోమీటర్లు, 1,583 మైళ్లు, 1,375 నాటికల్ మైళ్లు, అన్నీ ఒకటే. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, ఓడలవారు, విమానాలవారు దానినే వాడతారు. వెబ్‌సైట్లు ఏ కొలతలో చెబుతున్నాయో పక్కన స్పష్టంగా వేయకపోవడం వల్లనే ఈ అయోమయం.

అయితే ఆ దూరం శంషాబాద్ రన్‌వే నుండి దుబాయ్ రన్‌వే వరకు భూగోళం మీద దారం బిగించి పట్టి కొలిచినటువంటిది. అచ్చంగా ఆ గీత మీదనే ఏ విమానమూ వెళ్లదు. ఎగరగానే ఎటు తిరగాలి, దిగేముందు ఎటు చుట్టి రావాలి, మధ్యలో ఏ వాయుమార్గం పట్టుకోవాలి అన్నవాటిని బట్టి మరికొంత దూరం కలుస్తుంది. అట్లాసు తీసి ఈ దారిని ఒకసారి చూడండి. హైదరాబాద్ నుండి వాయవ్యంగా సాగి, ముంబయికి కొద్దిగా ఉత్తరాన తీరం దాటి, డయ్యూకు దక్షిణంగా అరేబియా సముద్రం మీదికి వెళ్లి, ఒమన్‌లోని సోహార్ పరిసరాలలో మళ్లీ నేల మీదికి వస్తుంది. అమ్మగారికి కిటికీ సీటు దొరికితే బయలుదేరిన గంటకు కాస్త అటూ ఇటూగా తీరం కనిపిస్తుంది. అక్కడి నుండి చాలాసేపు కింద నీళ్లు తప్ప ఏమీ ఉండవు.

ఇక మీ మేనమామగారి వాదన. తరగతి గదిలో ప్రతి సంవత్సరం ఎవరో ఒక విద్యార్థి ఇదే అడుగుతాడు, అడగడమే మంచిది కూడా. హైదరాబాద్ దగ్గర భూమి ఉపరితలం తూర్పుకు గంటకు దాదాపు 1,590 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్న మాట నిజం. కానీ నేలతో పాటు దాని మీది గాలి కూడా అదే వేగంతో తిరుగుతోంది. రన్‌వే మీద నిలబడి ఉన్నప్పుడు విమానానికి కూడా ఆ వేగం ఉంటుంది, గాలిలోకి లేచినంత మాత్రాన అది పోదు. వారు చెప్పినట్లే జరిగితే, హైదరాబాద్ మీద హెలికాప్టరును గంటన్నర సేపు కదలకుండా నిలిపితే చాలు, కింద దుబాయ్ రేఖాంశం వచ్చి నిలబడాలి. రెండు నగరాల మధ్య రేఖాంశాల తేడా 23 డిగ్రీలు, భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి లెక్కకు సరిగ్గా 92 నిమిషాలు. అలా జరగడం లేదని హెలికాప్టరు ఎక్కకుండానే మనకు తెలుసు. అయితే ఆ 92 నిమిషాల లెక్క పూర్తిగా వృథా కాదు. సూర్యుడు మన నడినెత్తి నుండి దుబాయ్ నడినెత్తికి చేరడానికి పట్టే సమయం అదే. రెండు గడియారాల మధ్య గంటన్నర తేడా ఉన్నది అందుకే. మీ మేనమామగారు పట్టుకున్న భూభ్రమణం గడియారాలను వేరు చేస్తుందే తప్ప విమానం వేగాన్ని మార్చదు.

గాలివాటు

మాస్టారు ఆపిన చోట నుండి అందుకుంటాను. నేలకూ గాలికీ మధ్య తేడా ఏమీ లేకపోతే పోవడం, రావడం సమానంగానే ఉండేవి. తేడా వచ్చేది గాలి వల్లనే. విమానం ప్రయాణించేది గాలిలో, మనం దూరం కొలిచేది నేల మీద. ఆ గాలి తానే ఒక దిక్కుకు వీస్తుంటే నేల మీది వేగం మారిపోతుంది.

చలికాలంలో ఉత్తర భారతదేశం, గల్ఫ్ ప్రాంతాల మీద, సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున, పడమర నుండి తూర్పుకు బలమైన గాలిధార ఒకటి వీస్తుంది. దీనిని ఉపోష్ణ జెట్ ప్రవాహం అంటారు. దాని నడిమధ్యలో వేగం గంటకు 180 కిలోమీటర్లు దాటడం జనవరిలో మామూలు విషయం. హైదరాబాద్ నుండి బయలుదేరిన మొదటి భాగంలో దీని ప్రభావం తక్కువ. దారి వాయవ్యంగా సాగుతూ ఒమన్ వైపు చేరేకొద్దీ ఎదురుగాలి పెరుగుతుంది.

లెక్క సులువుగా అర్థం కావడానికి విమానం గాలిలో గంటకు 840 కిలోమీటర్ల వేగంతో పోతోందని, దారి పొడవునా సగటున 100 కిలోమీటర్ల గాలి ఉందని అనుకుందాం. పోయేటప్పుడు నేల మీది వేగం 740. కాబట్టి 2,550 కిలోమీటర్లకు 3 గంటల 27 నిమిషాలు. వచ్చేటప్పుడు వేగం 940, సమయం 2 గంటల 43 నిమిషాలు. తేడా 44 నిమిషాలు. పోయేటప్పుడు పోగొట్టుకున్నదంతా వచ్చేటప్పుడు తిరిగి వస్తుందని చాలామంది అనుకుంటారు, అది పూర్తిగా నిజం కాదు. గాలి లేకపోతే రానూపోనూ 6 గంటల 4 నిమిషాలు పట్టేది, ఈ గాలిలో 6 గంటల 10 నిమిషాలు పడుతోంది. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వాలుగాలిలో తక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే కొంచెం పైచేయి అవుతుంది. ఈ దూరానికి అది అయిదారు నిమిషాలే అనుకోండి.

ఇదే ప్రయాణం జూలై, ఆగస్టులలో చేస్తే తేడా బాగా తగ్గుతుంది. వర్షాకాలంలో జెట్ ప్రవాహం హిమాలయాల ఉత్తరానికి తరలిపోతుంది. దానికి బదులు దక్షిణ భారతదేశం మీద, విమానాలు ఎగిరే ఎత్తు కంటే కాస్త పైన, తూర్పు నుండి పడమరకు వీచే మరొక ధార ఏర్పడుతుంది. దీని గురించి 1958లో తొలి సమగ్ర పరిశోధన వ్యాసాలలో ఒకటి రాసినవారు పి. కోటేశ్వరం గారు, తరువాత ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. వర్షాకాలం వానలను అర్థం చేసుకోవడానికి ఆ పరిశోధన ఎంత ముఖ్యమో చెప్పాలంటే ఇక్కడ చోటు చాలదు.

గాలికి ఎంత బలముందో చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ మనవాళ్లు తరచుగా వెళ్లే శాన్‌ఫ్రాన్సిస్కోది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాకుండా పసిఫిక్ మీదుగా, అంటే తూర్పు వైపుగా నడిపింది. దూరం 13,900 నుండి 15,300 కిలోమీటర్లకు పెరిగింది, ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలలో ముగిసింది. ఎక్కువ దూరమంటే ఎక్కువ సమయమన్న లెక్క ఆకాశంలో అన్నివేళలా నిలవదు.

ఇక టిక్కెట్టులో నాలుగు గంటలని ఉండగా, సీటు బెల్టు పెట్టుకోగానే కెప్టెన్ మూడున్నర గంటల ప్రయాణమని ప్రకటిస్తాడు. రెండూ సరైనవే. టిక్కెట్టులోని వ్యవధిని బ్లాక్ టైమ్ అంటారు: విమానం తన నిలుపు స్థలం నుండి కదిలిన నిమిషం నుండి, అవతల నిలుపు స్థలంలో చక్రాలకు అడ్డుకట్టలు వేసే నిమిషం వరకు లెక్క. కెప్టెన్ చెప్పేది గాలిలో ఉండే సమయం. రన్‌వే వరకు నెమ్మదిగా నడవడం, వరుసలో ఆగడం, దిగిన తరువాత టెర్మినల్ వరకు రావడం, వీటితో పాటు ఆలస్యమైనా సమయపాలన చెడకుండా సంస్థలు ముందే వేసుకునే కొన్ని నిమిషాల వెసులుబాటు, ఇవన్నీ బ్లాక్ టైమ్‌లో ఉంటాయి. అనుకున్నదానికంటే పావుగంట ముందే దిగామని మురిసిపోయే ప్రయాణికుడు సగంసార్లు ఆ వెసులుబాటును చూసే మురిసిపోతున్నాడని నా అభిప్రాయం.

రన్‌వే దిశకూ ఇందులో వాటా ఉంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. పడమటి గాలి ఉన్న రోజు విమానం పడమరకే లేచి సూటిగా దారి పట్టుకుంటుంది. చలికాలపు తూర్పు గాలి ఉన్న రోజు తూర్పుకు లేచి, వెనక్కి తిరిగి రావాలి. కొన్ని నిమిషాలు అక్కడే పోతాయి. దుబాయ్‌లో సముద్రం వైపు నుండి వాయవ్య గాలి వీస్తున్నప్పుడు మన వైపు నుండి వచ్చే విమానానికి రన్‌వే దాదాపు ఎదురుగానే దొరుకుతుంది, గాలి మారితే మాత్రం ఊరిని చుట్టి సముద్రం మీద నుండి రావలసిందే. జనవరిలో తెల్లవారుజామున అక్కడ పొగమంచు కమ్ముతుంది, అప్పుడు విమానాలను పైన తిప్పుతూ ఉంచుతారు. మీ అమ్మగారిది మధ్యాహ్నం చేరే విమానం కాబట్టి ఆ బెడద చాలావరకు తప్పినట్లే.

సీటు ముందు తెర ఉంటే ఎత్తు గమనించమనండి. పడమరకు పోయేటప్పుడు 34,000, 36,000 అడుగుల వంటి సరి సంఖ్యలు, తిరిగి వచ్చేటప్పుడు 35,000, 37,000 వంటి బేసి సంఖ్యలు కనిపిస్తాయి. ఎదురెదురుగా వచ్చే విమానాలు ఒకే ఎత్తులో ఉండకుండా పెట్టుకున్న నియమమది.

జగిత్యాల వాసి

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ జవాబులు మేనమామకు చదివి వినిపించాను. హెలికాప్టరు మాట దగ్గర కాసేపు ఆలోచించి, "గాలి కూడా తిరుగుతుందంటే ఒప్పుకోవలసిందే" అన్నాడు, అయినా పూర్తిగా ఒప్పుకున్నట్లు ముఖం లేదు.

మరో రెండు సందేహాలు. పాకిస్తాన్ గగనతలం మూసివేయడం వల్ల విమానాలు చుట్టూ తిరిగి పోతున్నాయని వార్తలలో విన్నాను. మన దారికి కూడా ఆ ఇబ్బంది ఉందా? రెండవది, అన్నయ్య ఆ రోజు సగం పూట సెలవే దొరుకుతుందంటున్నాడు. విమానాశ్రయానికి ఎన్ని గంటలకు రమ్మని చెప్పాలి? అమ్మ ఇంట్లో బయలుదేరినప్పటి నుండి అన్నయ్య గదికి చేరేవరకు మొత్తం ఎంత పడుతుంది?

గాలివాటు

2025 ఏప్రిల్ చివరలో వచ్చిన ఆ నిషేధంతో బాగా దెబ్బతిన్నవి ఢిల్లీ, అమృత్‌సర్ వంటి ఉత్తరాది నగరాల నుండి పడమరకు పోయే మన దేశపు విమానాలు. వాటి పాత దారి పాకిస్తాన్ భూభాగం మీదుగా ఉండేది, ఇప్పుడు దక్షిణానికి దిగి అరేబియా సముద్రం మీదుగా పోవలసి వస్తోంది. హైదరాబాద్ నుండి దుబాయ్‌కి సహజమైన దారే సముద్రం మీదుగా ఉంది. కాబట్టి దాని గురించి మీరు బెంగ పెట్టుకోనక్కరలేదు.

దేరా నివాసి

రెండవ ప్రశ్నకు నేను చెబుతాను, ఎందుకంటే ఊరి నుండి వచ్చే పెద్దవారిని తీసుకురావడానికి ఇక్కడ దుబాయ్‌లో ఎవరో ఒకరి వెంట నేను వెళుతూనే ఉంటాను.

జగిత్యాల నుండి కరీంనగర్, సిద్దిపేట మీదుగా రాజీవ్ రహదారి పట్టుకుని, శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరడానికి దాదాపు 250 కిలోమీటర్లు ఉంటుంది. కారులో మధ్యలో ఒకచోట ఆగి టీ తాగినా అయిదు గంటలు వేసుకోండి. గమ్మత్తేమిటంటే గాలిలో దానికి పదింతల దూరం పోవడానికి అంతకంటే తక్కువ సమయమే పడుతుంది. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి కాబట్టి 7:00కు చేరాలంటే ఇంటి నుండి రాత్రి 2:00కే కదలాలి. బస్సులో అయితే జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగి పుష్పక్ బస్సు పట్టుకోవచ్చు, కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషిని సామానుతో ఆ రాత్రిపూట అలా తిప్పడం నాకు ఇష్టం లేదు. ముందు రోజే వచ్చి హైదరాబాద్‌లో చుట్టాల ఇంట్లో పడుకోగలిగితే అన్నిటికంటే మేలు. టిక్కెట్టు తీసినప్పుడే వీల్‌చైర్ కావాలని నమోదు చేయించండి. దుబాయ్ విమానాశ్రయంలో విమానం నుండి ఇమిగ్రేషన్ వరకు నడక చాలా ఉంటుంది.

దిగిన తరువాత విమానం ఆగడం, ఇమిగ్రేషన్ వరుస, సామాను బెల్టు అన్నీ కలిపి గంట నుండి గంటన్నర పడుతుంది. 12:30కు చేరే విమానానికి మీ అన్నయ్యను 1:15 ప్రాంతంలో రమ్మనండి. అంతకు ముందు వస్తే పార్కింగ్ డబ్బులు కట్టడం తప్ప ప్రయోజనం లేదు. ఏ టెర్మినల్‌కు రావాలో టిక్కెట్టు చూసి ఇప్పుడే చెప్పండి, ఎందుకంటే మూడు టెర్మినళ్లు ఉన్నాయి. ఎమిరేట్స్ అయితే మూడవది, మిగిలిన సంస్థలవి వేరు వేరు. టెర్మినల్ 2 అయితే మిగతా రెండింటికీ అవతలి వైపున ఉంది, అక్కడికి రోడ్డు మీద చుట్టి రావాలి. గదికి చేరేసరికి మన గడియారంలో సాయంత్రం 4:00 అవుతుంది. అంటే మొత్తం పద్నాలుగు గంటలు, అందులో గాలిలో ఉండేది మూడున్నర గంటలే.

షుగర్ మాత్రల సంగతి మీ డాక్టరును అడిగి రాయించుకోండి. ఆ చీటీని, మాత్రలను చేతి సంచిలోనే పెట్టండి. ఆ రోజంతా అమ్మ చేతి గడియారాన్ని మన సమయంలోనే ఉంచి, తినడం, మాత్రలు దాని ప్రకారమే జరిగేలా చూస్తే గంటన్నర తేడా ఆమెకు తెలియదు. ఉదయం టిఫిన్ విమానాశ్రయంలో, మధ్యాహ్న భోజనం విమానంలో పడతాయి. విమానంలో భోజనం ఇస్తారో లేదో ముందే చూసుకోండి. తక్కువ ధర టిక్కెట్లలో చాలావాటికి విడిగా డబ్బు కట్టాలి. మరొక్క మాట, పచ్చళ్లు, కారప్పొడులు సర్దేటప్పుడు మసాలా డబ్బాలో గసగసాలు లేకుండా చూడండి. ఇక్కడ అవి నిషిద్ధం. చిన్న పొట్లం దొరికినా కస్టమ్స్ దగ్గర మీరు వేసుకున్న లెక్కంతా తారుమారవుతుంది.

తిరుగు ప్రయాణంలో తేదీ దగ్గర జాగ్రత్త. టిక్కెట్టు మీద ఫిబ్రవరి 14 అని ఉంటే అది ఇక్కడ బయలుదేరే తేదీ. రాత్రి 9:45కు లేచిన విమానం మీ దగ్గర 15వ తేదీ తెల్లవారుజామున 2:45కు దిగుతుంది. మీరు 14 రాత్రి భోజనం ముగించుకుని 9:30 ప్రాంతంలో జగిత్యాలలో బండి ఎక్కితే సరిపోతుంది. 15 రాత్రి అనుకుని ఇంట్లో కూర్చుంటే ఆమె ఒక పగలంతా శంషాబాద్‌లో మీ కోసం ఎదురు చూడవలసి వస్తుంది.